ఆలస్యమైన దండ

(రేడియో స్త్రీల కార్యక్రమంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ పూట నేను చెప్పబోయేది ఫుట్‌బాల్ గురించి. "ఊరగాయల గురించో, పిల్లల పెంపకం గురించో చెబుతుందనుకొంటే ఇదేమిటమ్మా" అని అప్పుడే రేడియో మీట తిప్పేయకండి. ఆ ఆట నియమాలు నాకూ అంతంత మాత్రమే. ఇరవై ఇద్దరు మనుషులు ఒక్క బంతి కోసం పరుగెత్తడమెందుకు, తలా ఒకటి కొనిచ్చేస్తే పోదా అని నవ్వుకొన్నదాన్నే నేను కూడా. కాని ఈ కథ మైదానంలో మొదలై చివరికి మన వంటింట్లోకే వస్తుంది. కాస్త ఓపిక పట్టండి.

మేముండేది జూబిలీ హిల్స్‌లో, ఫిల్మ్‌నగర్‌కు దగ్గరగా. సినిమావాళ్ళ పేట అని పేరే కాని, మాలాంటి మామూలు సంసారాలు కూడా ఇక్కడ బోలెడున్నాయి. పొద్దున్నే పాల ప్యాకెట్లు, కూరల బండి, పనిమనిషి ఇంకా రాలేదన్న బెంగ - అన్నీ మీ ఇంట్లో ఉన్నట్టే. ఒక్క తేడా ఏమిటంటే, సినిమా రంగంలో పెద్దవాళ్ళెవరైనా కన్నుమూస్తే ఆ వచ్చే జనమంతా మా గుమ్మాల ముందు నుంచే సాగిపోతారు.

2022 నవంబరు 15వ తేదీ తెల్లవారుజామున నటుడు కృష్ణగారు పోయారు. మరునాడు అభిమానుల చూపు కోసం ఆయన భౌతికకాయాన్ని పద్మాలయా స్టూడియోలో ఉంచారు. ఆ రోజే మహాప్రస్థానంలో అంత్యక్రియలు. మా వీధుల్లో ఇసుక వేస్తే రాలనంత జనం. మూడువందల యాభైకి పైగా సినిమాలలో నటించిన మనిషి కదా! బస్సుల్లో వచ్చినవాళ్ళు, రాత్రంతా రైలులో నిలబడి వచ్చినవాళ్ళు, చంకలో పిల్లలతో వచ్చినవాళ్ళు. ఎండ పొద్దెక్కేసరికి మా మెట్ల మీద ఒక పెద్దావిడ కూలబడింది. మంచినీళ్ళిచ్చి, "ఎక్కణ్ణుంచి వచ్చారు?" అని అడిగాను. తెనాలి దగ్గర ఏదో పల్లెటూరి పేరు చెప్పింది.

"ఇంత దూరం, ఈ వయసులో ఎందుకొచ్చారండీ? మీకేమైనా చుట్టమా?" అన్నాను. నా మాటలో కాస్త వెటకారం ఉన్నదనే ఒప్పుకొంటాను.

ఆవిడ కొంగుతో మొహం తుడుచుకొని, "చుట్టమేం కాదమ్మా. మా ఇంటాయనకి ఈయనంటే పిచ్చి. కొత్త సినిమా వస్తే మొదటాట చూసొచ్చేదాకా అన్నం ముట్టేవాడు కాదు. ఆయన పోయి ఆరేళ్ళయింది. ఉంటే వచ్చేవాడు కదా! అందుకని ఆయన తరఫున నేనొచ్చా" అన్నది.

నీళ్ళ గ్లాసు నా చేతికిచ్చి, చీర సర్దుకొని, మళ్ళీ ఆ జనంలో కలిసిపోయింది. నేను గ్లాసు పట్టుకొని అక్కడే నిలబడ్డాను. అభిమానులంటే ఈలలు వేసేవాళ్ళు, కటౌట్లకు పాలు పోసేవాళ్ళు అనుకొనేదాన్ని. పోయిన భర్త తరఫున దండం పెట్టడానికి వచ్చే భార్య కూడా అభిమానే అని అంతకుముందు నాకు తోచలేదు.

ఇది జరిగి సరిగ్గా మూడు నెలలు. 2023 ఫిబ్రవరి 16వ తేదీన తులసీదాస్ బలరాం అనే ఆయన కలకత్తాలో పోయారు. మరునాడు పొద్దున కాఫీ తాగుతూ పేపరు తిరగేస్తున్న మా అబ్బాయి, "అమ్మా, ఈయనెవరో బలరామ్‌ట. ఒలింపిక్స్‌లో ఆడాడట. మన సికింద్రాబాదాయనేట. నీకు తెలుసా?" అన్నాడు.

పేరు ఎక్కడో విన్నట్టే ఉంది. ఎక్కడో కాదు, మా ఇంట్లోనే విన్నాను. ఒకసారి కాదు, కొన్ని వందలసార్లు విన్నాను. కాని ఎవరంటే చెప్పలేకపోయాను.

ఇక్కడ నా తప్పు ఒకటి మీకు చెప్పుకోవాలి. మా మామగారు రైల్వేలో పనిచేశారు. సికింద్రాబాదులో లాలాగూడ వైపు కాపురం. వయసులో ఉన్నప్పుడు ఆయనకు ఫుట్‌బాల్ ప్రాణం. సాయంత్రం డ్యూటీ దిగితే సైకిలు మీద నేరుగా ఫతే మైదానానికే, అదే ఇప్పటి లాల్‌బహదూర్ స్టేడియం. నేను కాపురానికి వచ్చేటప్పటికి ఆ రోజులు దాటిపోయాయి కాని, ఆ కబుర్లు మాత్రం దాటలేదు. అన్నం వడ్డిస్తుంటే మొదలు. "బలరాం బంతి తీసుకొని ఎడమ పక్కనుంచి వస్తున్నాడనుకో అమ్మా…" అంటూ పప్పుగిన్నె ఇటు జరిపి, మజ్జిగ గ్లాసు అటు జరిపి, ఆట చూపించేవారు. నాకేమో అవతల పాలు పొంగిపోతుంటాయి, పిల్లవాడు బడికి తయారు కావాలి. "ఎన్నిసార్లు చెబుతారు మామయ్యగారూ, చారు చల్లారిపోతోంది" అనేదాన్ని. ఆయన నవ్వి ఊరుకొనేవారు. రానురానూ చెప్పడం మానేశారు. చెప్పడం మానేశారన్న సంగతి కూడా నేను గమనించలేదు.

ఆయన 2019లో పోయారు. ఆ మరుసటేడు మేము పాత ఇల్లు ఖాళీ చేసి ఈ పక్కకు వచ్చేశాము. అటక మీద ఆయన ట్రంకుపెట్టె ఒకటి ఉండేది. తెరిస్తే పసుపుపచ్చగా మారిన పేపరు కత్తిరింపులు, ఏవో పాత టిక్కెట్టు ముక్కలు, అంచులు చెదలు తిన్న ఫొటోలు. కొత్త ఇంట్లో ఈ చెత్త ఎక్కడ పెట్టుకొంటామని పాత కాగితాలవాణ్ణి పిలిచి తూకానికి వేశాను. పెట్టె కూడా ఇచ్చేశాను. ఆ డబ్బుతో ఏం కొన్నానో ఇప్పుడు నాకు గుర్తయినా లేదు.

అందుకే మా అబ్బాయి అడిగినప్పుడు నా దగ్గర జవాబు లేకపోయింది. జవాబు చెప్పగల మనిషి లేరు, ఆయన దాచిపెట్టిన కాగితాలు లేవు. ఆ తెనాలి ఆవిడ గుర్తుకొచ్చింది. భర్త తరఫున ఆవిడ రాత్రంతా ప్రయాణం చేసి వచ్చింది. మామగారి తరఫున నేను కనీసం ఒక పేరుకు అర్థం చెప్పలేకపోయాను.

ఆ తరువాత పట్టుదల వచ్చింది. వాడూ నేనూ కూర్చొని వెతికి, చదివి తెలుసుకొన్నాము. తెలుసుకొన్నది మీకూ చెబుతాను. ఇవి మనింటి సంగతులే.

హైదరాబాదులో సయ్యద్ అబ్దుల్ రహీం అని ఒక బడిపంతులుగారు ఉండేవారు. 1909లో పుట్టారు. పిల్లలకు పాఠం చెప్పినట్టే ఫుట్‌బాల్ కూడా చెప్పేవారు. 1950 నుంచి హైదరాబాదు సిటీ పోలీసు జట్టుకు ఆయనే శిక్షకుడు. ఆ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదేళ్ళు బొంబాయిలో రోవర్స్ కప్పు గెలిచింది. దేశంలో పెద్ద పెద్ద క్లబ్బులన్నీ మన పోలీసుల పేరు చెబితే జంకేవట. రహీంగారు భారత జట్టుకు కూడా శిక్షణనిచ్చారు. 1951లో ఢిల్లీ ఆసియా క్రీడల్లో బంగారు పతకం, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962లో జకార్తా ఆసియా క్రీడల్లో మళ్ళీ బంగారు పతకం. ఒలింపిక్స్ ఫుట్‌బాల్‌లో మన దేశం అంత పైకి వెళ్ళడం అదే మొదలు, ఇప్పటిదాకా అదే చివర. జకార్తా ఫైనల్లో మనవాళ్ళు దక్షిణ కొరియాను 2-1 గోల్స్‌తో ఓడించారు. అప్పటికే ఆయన ఒంట్లో క్యాన్సర్ ఉన్నది. ఆ మరుసటేడు 1963 జూన్ 11న పోయారు. యాభై నాలుగో ఏడు ఇంకా నిండలేదు.

ఆ పంతులుగారి కంటబడిన కుర్రాడే బలరాం. సికింద్రాబాదు పక్కన అమ్ముగూడలో 1936లో పుట్టాడు. లేనివాళ్ళ ఇల్లు. ఆడాలని ఆశ ఉంది కాని కాళ్ళకు బూట్లు లేవు. పాత పోలీసు బూట్లు సంపాదించి, చెప్పులు కుట్టే అతని చేత రెండు రూపాయలకు వాటినే ఆటబూట్లుగా మార్పించుకొన్నాడట. ఆలోచించండి, మన పిల్లలకు మనం ఇప్పుడు ఎన్ని జతల బూట్లు కొంటున్నామో! ఆ బూట్ల కుర్రాడు ఇరవై ఏళ్ళకే మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కు వెళ్ళాడు. 1960లో రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద ఒక గోలు, పెరూ మీద ఒక గోలు చేశాడు. జకార్తాలో బంగారు పతకం గెలిచిన జట్టులోనూ ఉన్నాడు. కలకత్తాలో ఈస్ట్ బెంగాల్ క్లబ్బుకు ఆడి, దానికి నాయకుడయ్యాడు. 1962లో అర్జున అవార్డు వచ్చింది. ఆ రోజుల్లో చునీ గోస్వామి, పి.కె. బెనర్జీ, బలరాం - ముగ్గురి పేర్లూ కలిపే చెప్పుకొనేవారు.

కాని ఆట ఇంకా ఎంతో మిగిలి ఉండగానే జబ్బు చేసింది. ఊపిరితిత్తుల బాధ. 1963లో, ఇరవై ఏడేళ్ళ వయసులో ఆట మానుకోవలసి వచ్చింది. పెళ్ళి చేసుకోలేదు. కలకత్తా దగ్గర ఉత్తర్‌పాడాలో, హుగ్లీ నది ఒడ్డున, ఒంటరిగా చివరిదాకా ఉండిపోయారు. చునీ గోస్వామికి, బెనర్జీకి పద్మశ్రీ వచ్చింది. ఈయనకు రాలేదు. 2020లో ఆ ఇద్దరూ కొద్ది వారాల తేడాలో వెళ్ళిపోయారు. మూడేళ్ళ తరువాత ఈయనా వెళ్ళిపోయారు.

ఇది చదువుతుంటే మా మామగారు పప్పుగిన్నె జరిపి చూపించిన ఆట కళ్ళముందుకు వచ్చింది. ఎడమ పక్కనుంచి వచ్చేవాడెవరో నాకప్పుడు తెలిసింది.

సరే, ఇది ఫిబ్రవరి మాట. అదే సంవత్సరం ఆగస్టు 15న, జెండా పండుగనాడు, మన హైదరాబాదులోనే మరొక పెద్దాయన పోయారు. ఆయన పేరు మహమ్మద్ హబీబ్. డెబ్బై నాలుగేళ్ళు. ఈసారి మా అబ్బాయి నన్ను అడగలేదు. నేనే వాణ్ణి పిలిచి చెప్పాను.

హబీబ్ 1949 జూలై 17న ఇక్కడే హైదరాబాదులో పుట్టారు. అన్నదమ్ములంతా ఫుట్‌బాల్ ఆడినవాళ్ళే. 1965-66లో ఆంధ్రప్రదేశ్ జట్టు సంతోష్ ట్రోఫీ గెలిచినప్పుడు ఆ జట్టులో ఈయన ఉన్నారు. 1966లో, పదిహేడేళ్ళ ప్రాయంలో, కలకత్తా వెళ్ళి ఈస్ట్ బెంగాల్ క్లబ్బులో చేరారు. మన ఇళ్ళల్లో పదిహేడేళ్ళ పిల్లవాణ్ణి పక్క ఊరికి పంపాలంటేనే నాలుగుసార్లు ఆలోచిస్తాము. భాష తెలియని ఊరు, కొత్త తిండి. అయినా నిలదొక్కుకొన్నారు. నిలదొక్కుకోవడమేమిటి, ఆ ఊరి మనిషే అయిపోయారు. అక్కడ ఆయనను "బడే మియా" అనేవారు, అంటే మన భాషలో పెద్దాయన అన్నట్టు. 1970లో బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో కంచు పతకం గెలిచిన భారత జట్టులో ఆడారు. ఆ జట్టు నాయకుడు సయ్యద్ నయీముద్దీన్ కూడా హైదరాబాదు మనిషే. 1980లో హబీబ్‌కు అర్జున అవార్డు వచ్చింది.

కలకత్తా సంగతి ఇక్కడ ఒక్క నిమిషం చెప్పాలి. అక్కడ ఫుట్‌బాల్ అంటే మనకు సినిమా లాంటిది. కొందరు మోహన్ బగాన్ వాళ్ళు, కొందరు ఈస్ట్ బెంగాల్ వాళ్ళు. తూర్పు బెంగాలు నుంచి దేశ విభజన రోజుల్లో ఇల్లూ వాకిలీ వదులుకొని వచ్చిన కుటుంబాలకు ఈస్ట్ బెంగాల్ అంటే పోయిన ఊరే తిరిగి దొరికినట్టు. ఈస్ట్ బెంగాల్ గెలిస్తే ఆ ఇళ్ళల్లో ఇలిశ చేప, అదే మన గోదావరి పులస లాంటిది, వండుకొంటారు. మోహన్ బగాన్ గెలిస్తే రొయ్యల కూర. చూశారా, మైదానంలో ఆట అయినా చివరికి పొయ్యి మీద ఏది ఉడకాలో అదే తేలుస్తుంది! ఆట చూడని అమ్మమ్మలకు కూడా ఎవరు గెలిచారో పోపు వాసన చెప్పేస్తుందన్నమాట.

అలాంటి ఊళ్ళో హబీబ్ ఈస్ట్ బెంగాల్‌కు ఆడారు, మోహన్ బగాన్‌కు ఆడారు, మహమ్మడన్ స్పోర్టింగ్‌కూ ఆడారు. మూడూ ఒకదానికొకటి పడని క్లబ్బులు. ఇవాళ ఇటు, రేపు అటు వెళ్ళిన మనిషిని ఎవరైనా క్షమిస్తారా? ఆయనను మాత్రం ముగ్గురూ మావాడే అన్నారు. కారణం ఒక్కటే. ఏ చొక్కా వేసుకొన్నా దానికోసం ఒళ్ళు దాచుకోకుండా ఆడేవారు. ఉద్యోగాల వంక చూడకుండా ఆటే బ్రతుకు తెరువుగా పెట్టుకొన్నారు. అందుకే మన దేశంలో మొదటి నిజమైన వృత్తి ఫుట్‌బాల్ ఆటగాడు ఆయనే అంటారు. తమ్ముడు అక్బర్ కూడా ఆయనతోపాటు కలకత్తాలో ఆడాడు. 1976లో ఈస్ట్ బెంగాల్ మీద మోహన్ బగాన్ తరఫున ఆట మొదలైన పదిహేడు సెకన్లకే గోలు కొట్టింది ఆ అక్బరే. మనం కుక్కరు మూత బిగించేలోపల అన్నమాట!

1977 సెప్టెంబరు 24న కలకత్తా ఈడెన్ గార్డెన్స్‌లో ఒక గొప్ప ఆట జరిగింది. అమెరికా నుంచి న్యూయార్క్ కాస్మోస్ జట్టు వచ్చింది. అందులో సాక్షాత్తూ పీలే ఉన్నాడు. వానకు తడిసి నేల చిత్తడిగా ఉంది. అటు ప్రపంచమంతా కొలిచే ఆటగాడు. ఇటు మోహన్ బగాన్ చొక్కాలో మన హైదరాబాదు మనిషి. 2-2తో ఆట సమమైంది. మోహన్ బగాన్ చేసిన రెండు గోల్స్‌లో ఒకటి హబీబ్‌ది, రెండోది శ్యామ్ థాపాది. ఆ రోజు ఆ ఆట చూసినవాళ్ళు ఇప్పటికీ పిల్లలకూ మనవలకూ చెప్పుకొంటారు. చెప్పుకొంటారన్న మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దాని దగ్గరికే వస్తాను.

ఆట మానిన తరువాత ఆయన టాటా ఫుట్‌బాల్ అకాడమీలో, హల్దియాలో పిల్లలకు ఆట నేర్పారు. తరువాత స్వస్థలానికి వచ్చేశారు. చివరి సంవత్సరాల్లో మతిమరుపు జబ్బు, పార్కిన్‌సన్స్ జబ్బు పీడించాయి.

అమ్మల్లారా, ఇక్కడ ఒక్కసారి ఆగి ఆలోచించండి. వేలమంది గుండెల్లో గుర్తుండిపోయిన మనిషికి తన సంగతులే తనకు గుర్తు లేకుండా పోవడం! ఎక్కడో కలకత్తాలో ఒక ముసలాయన "ఆ రోజు హబీబ్ కొట్టిన గోలు" అని మనవడికి కథ చెబుతూ ఉంటాడు. ఆ గోలు కొట్టిన మనిషి ఇక్కడ ఇంట్లో, ఇల్లాలూ పిల్లలూ చేతులు పట్టి నడిపిస్తుంటే నడుస్తూ ఉంటాడు. ఆ జబ్బు ఉన్నవాళ్ళను చూసుకొన్న ఇల్లాళ్ళు మనలో చాలామంది ఉన్నారు. అడిగిందే అడుగుతారు. పెట్టిన అన్నం పెట్టలేదంటారు. రాత్రిపూట తలుపు తీసుకొని బయలుదేరుతారు. ఆ సేవకు స్టేడియంలో చప్పట్లు ఉండవు. హబీబ్‌గారికి నివాళి అని పూలు వేసినవాళ్ళు ఆ ఇంటి ఆడవాళ్ళకు కూడా ఒక నమస్కారం పెట్టాలని నా మనసుకు అనిపించింది.

ఆయన పోయారని తెలియగానే మూడు క్లబ్బుల అభిమానులూ కళ్ళనీళ్ళు పెట్టుకొన్నారు. ఆ మరునాడు ఆగస్టు 16. అది కలకత్తా ఫుట్‌బాల్ అభిమానులకు మామూలుగానే విషాదమైన రోజు. 1980లో ఆ తేదీనే ఈడెన్ గార్డెన్స్‌లో ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్ ఆట జరుగుతుండగా గొడవ చెలరేగి, తొక్కిసలాటలో పదహారుమంది అభిమానులు చనిపోయారు. ఆట చూసివస్తామని ఇంట్లో చెప్పి వెళ్ళినవాళ్ళు! ఆ తల్లుల సంగతి తలుచుకొంటే కడుపు తరుక్కుపోతుంది. అప్పటినుంచి ఏటా ఆ రోజున వాళ్ళ జ్ఞాపకార్థం అక్కడ రక్తదానం చేస్తారు. కొట్టుకొని రక్తం కారిన చోట, ఇప్పుడు ఎవరి క్లబ్బు ఏదని అడగకుండా రక్తం ఇస్తున్నారు. అభిమానానికి ఇంతకంటె మంచి దారి ఏముంది? మన జూబిలీ హిల్స్‌లో కూడా 1998లో నటుడు చిరంజీవిగారు రక్తనిధి పెట్టినప్పటి నుంచి ఆయన అభిమానులు వచ్చి రక్తం ఇస్తున్నారు కదా. పాలు నేలపాలు చేసే అభిమానం కన్న ప్రాణం నిలబెట్టే అభిమానం వెయ్యిరెట్లు మేలు.

ఇంతకూ నా మనసును తొలిచిన ప్రశ్న ఇది. ఇద్దరూ మన ఊరివాళ్ళే. ఒకరు అక్కడే ఉండిపోయి అక్కడ పోయారు. ఒకరు ఇంటికి వచ్చి ఇక్కడ పోయారు. ఇద్దరికీ కన్నీరు కార్చింది మాత్రం ఎక్కువగా కలకత్తానే. మరి మనమో? మా వీధిలో నలుగురిని అడిగితే ముగ్గురికి హబీబ్ పేరు తెలియదు. ఆ ముగ్గురూ చదువుకొన్నవాళ్ళే. రహీం పంతులుగారి కథ సినిమాగా వచ్చింది, 2024లో, "మైదాన్" అని. అది కూడా హిందీలో, బొంబాయివాళ్ళు తీసింది. మా ఇంటి చుట్టూ ఇన్ని స్టూడియోలు, ఇంతమంది కథల కోసం వెతుక్కొనేవాళ్ళు, మన కథ మాత్రం మన కొండ ఎక్కలేదు.

నేను సినిమావాళ్ళను తప్పు పట్టడంలేదు. ప్రభుత్వాన్నీ అనడంలేదు. అవన్నీ అనేవాళ్ళు వేరే ఉన్నారు. నేను నన్నే అంటున్నాను. కలకత్తాలో ఆ కథలు ఎలా నిలిచాయి? విగ్రహాల వల్ల కాదు. తాత చెబితే మనవడు విన్నాడు. ఆ మనవడు తాతయ్యాక మళ్ళీ చెప్పాడు. ఇంట్లో ఎవరూ "చారు చల్లారిపోతోంది" అని ఆపలేదు. మా ఇంట్లో ఆ దారం తెంపింది నేను. పైగా మిగిలిన ముక్కల్ని తూకానికి అమ్మింది కూడా నేనే.

ఇల్లు శుభ్రంగా ఉంచుకోవడం మనకు చిన్నప్పటినుంచి నేర్పారు. దేన్ని పారేయకూడదో ఎవరూ నేర్పలేదు. పెద్దవాళ్ళ పెట్టెలు, డైరీలు, ఫొటోలు మన కళ్ళకు దుమ్ము. వాళ్ళకు అవి బ్రతికిన బ్రతుకు.

మరి పోయిన పెట్టె తిరిగి రాదు. ఏం చేయాలి? హబీబ్‌గారు పోయిన కొన్నాళ్ళకు ఒక ఆదివారంనాడు మా అబ్బాయి, "తాతయ్యతో ఆట చూడటానికి వెళ్ళే స్నేహితులెవరూ లేరా అమ్మా?" అన్నాడు. ఒకాయన ఉన్నారని గుర్తొచ్చింది. రైల్వేలోనే చేసి రిటైరయ్యారు. ఇప్పుడు తొంభైకి దగ్గర. సికింద్రాబాదులో కొడుకు దగ్గర ఉంటున్నారు. మామగారి పెద్దకర్మకు వచ్చినప్పుడు చూడటమే. వారం రోజులు వెనకాముందూ ఆడి చివరకు ఫోను చేసి, ఇంత మైసూరుపాకు చేసుకొని ఇద్దరమూ వెళ్ళాము.

ఆయనకు చెవి సరిగా వినబడదు. కోడలు గట్టిగా చెప్పింది, ఫలానావాళ్ళు వచ్చారని. మా అబ్బాయి ఆయన చెవి దగ్గర నోరు పెట్టి, "తాతగారూ, బలరాం ఆట మీరు చూశారా?" అని అడిగాడు.

ఆయన ఏమీ మాట్లాడలేదు. వాడి మొహంలోకి కాసేపు చూశారు. తరువాత ముందున్న బల్ల మీది కాఫీ గ్లాసు ఒకటి ఎడమవైపుకు జరిపారు. మైసూరుపాకు పళ్ళెం మధ్యకు జరిపారు. "ఇది గోలనుకో" అన్నారు.

నేను అటు తిరిగి కళ్ళు తుడుచుకొన్నాను. ఆయన రెండు గంటలు చెప్పారు. సైకిళ్ళ మీద ఒకరినొకరు ఎక్కించుకొని ఎలా వెళ్ళేవారో, ఓడిపోయిన రోజున మా మామగారు అన్నం తినకుండా ఎలా పడుకొనేవారో చెప్పారు. ఆ సంగతి మా అత్తగారు కూడా ఎప్పుడూ చెప్పలేదు. తెనాలి ఆవిడ భర్త గెలుపు కోసం పస్తు, మా మామగారు ఓటమికి పస్తు. మగవాళ్ళంతా ఒకటేనమ్మా! వస్తుంటే ఆ ఇంటి కోడలు గుమ్మం దాకా వచ్చి, "ఇవన్నీ మాకెప్పుడూ చెప్పలేదండీ మామయ్యగారు" అన్నది. ఆయన చెవిని ఆ మాట ఎలా పడిందో, "ఎవరూ అడగలేదమ్మా" అన్నారు లోపలినుంచి.

ఆ ఒక్కమాట కోసమే ఈ ప్రసంగం.

మీ ఇంట్లో ఫుట్‌బాల్ ఉండకపోవచ్చు. మీ మామగారు నాటకాల్లో వేషాలు వేసి ఉండవచ్చు. మీ అమ్మగారు ఈతలో బహుమతి తెచ్చుకొని, పెళ్ళయ్యాక ఆ ఊసే ఎత్తకుండా ఉండి ఉండవచ్చు. ఈ వారంలో ఒక పూట, పని కాస్త ముందే ముగించుకొని, పక్కన కూర్చొని అడగండి. ఒక నోటుబుక్కు కొని, వాళ్ళు చెప్పింది చెప్పినట్టు పిల్లల చేత రాయించండి. తేదీలు అటూ ఇటూ అయినా ఫరవాలేదు. పెట్టెలేవైనా పారేయాలనుకొంటే, తూకంవాణ్ణి పిలిచేముందు ఒక్కసారి ఆ పెట్టె యజమానిని పిలవండి.

ఇంకొక్క మాట. పిల్లలు ఆడుకొంటామంటే మైదానానికి పంపండి. మగపిల్లల్నే కాదు, ఆడపిల్లల్ని కూడా. నిజామాబాదు జిల్లాలో ఒక తండాలో పుట్టిన గుగులోత్ సౌమ్య అనే అమ్మాయి ఇప్పుడు భారతదేశం తరఫున ఫుట్‌బాల్ ఆడుతోంది. 2024-25లో దేశంలోని మహిళల లీగు గెలిచిన జట్టులో ఆమె ఉంది. అది ఏ జట్టో తెలుసా? ఈస్ట్ బెంగాల్! బలరాం వేసుకొన్న చొక్కా, హబీబ్ వేసుకొన్న చొక్కా, ఆ ఎరుపూ పసుపూ చొక్కా, మన తెలంగాణ ఆడపిల్ల వేసుకొని గెలిచింది. ఆ పేరు మీ పిల్లలకు ఇవాళే చెప్పండి. ఆ అమ్మాయి చప్పట్లు తన చెవులారా వినే వయసులో ఉంది.

పోయినవాళ్ళ ఫొటోకు దండ వేయవద్దని నేను అనను. వేద్దాం. కాని ఆ పూలలో నాలుగు, మనిషి వాసన చూడగలిగినప్పుడే చేతికిద్దాం. మా మామగారికి నేను ఇవ్వలేకపోయాను. ఇవాళ మీ అందరి ముందు ఆయన ఆటగాళ్ళ పేర్లు చెప్పాను. అది ఆయన తరఫున అనుకోండి.

సెలవు.